తలుపు మీది ఎర్ర అట్ట

బావమరిదిని తిట్టుకోకుండా టైలరుకి ఒక్క పూటా గడిచేది కాదు. భార్య పోయాక అతనికి మిగిలింది కుట్టుపని కొట్టొక్కటే. నమ్మి సంతకం చేస్తే దాన్నీ అమ్మేసి, "ఈ వయసులో ఇంకా మిషను తొక్కడం దేనికి బావా, కాలు మీద కాలేసుకుని కూర్చో" అంటూ తెచ్చి ఈ పెద్దవాళ్ల కాలనీలో పడేశాడు ఆ మహానుభావుడు.

కాలనీకి వంక పెట్టడానికి లేదు. వేళకి భోజనం, పిలిస్తే నర్సు, ఎక్కడానికి లిఫ్టు, బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీలు. అన్నీ ఉన్నాయి. "టైలరుగారూ" అంటూ గుమ్మంలోకి వచ్చేవాళ్లే లేరు. సాయంత్రమయ్యేసరికి తన గొంతు తనకే కొత్తగా వినపడేది.

అక్కడొక రూలుంది. ప్రతి తలుపుకీ ఒక అట్ట వేలాడుతుంది. పడుకునేముందు ఎరుపు వైపు, లేచాక పచ్చ వైపు తిప్పాలి. ఎనిమిదైనా ఎరుపే ఉంటే ఎదుటి గదివాళ్లు తలుపు కొట్టి చూడాలి.

చేరిన మర్నాడే అతను తిప్పడం మరిచిపోయాడు. తలుపు దబదబా మోగింది.

"ఉన్నారా, పోయారా? ఏదో ఒకటి చెప్పండి!"

తలుపు తీస్తే ఎదుటి గది ఆవిడ. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషని ముందురోజే విన్నాడు.

"ఉన్నాను. కనపడటం లేదూ?"

"ఉంటే అట్ట తిప్పాలి. అక్కడ నా కాఫీ చల్లారిపోతోంది. కొత్తవారని వదిలేస్తున్నా."

"లేకపోతే దింపేస్తారా?"

"దింపేదాన్నే! మీలాంటివాళ్లని ఎంతమందిని దింపలేదు!"

విసురుగా వెళ్లిపోయింది. గది మళ్లీ మూగబోయింది. మధ్యాహ్నం భోజనం దగ్గర టైలరుకి తట్టింది, పొద్దుట్నుంచీ బావమరిది గుర్తే రాలేదని.

మర్నాడు అతను మరిచిపోలేదు. కావాలనే తిప్పలేదు.

ఆ తర్వాత అదే అలవాటైంది. పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మంచం అంచున కూర్చునేవాడు. కిటికీ మీద వాన పడుతున్నా చెవి తలుపు దగ్గరే.

"వానకి ముసుగు తన్నారా?"

"మీ గొంతుకి ముసుగు ఆగుతుందా?"

ఆమె చూపు ఒకసారి ఆ ఇస్త్రీ చొక్కా మీద ఆగి తప్పుకునేది. రెండు నిమిషాల తగువు. మిగతా రోజంతా గోడలు.

ఒకరోజు ఆమె వెనకాలే మేనేజరు కూడా వచ్చాడు.

"మీకు మతిమరుపు మొదలైనట్టుందండీ. వెనక బ్లాకుకి మారుద్దాం. అక్కడ నర్సు ఎప్పుడూ కనిపెట్టుకుని ఉంటుంది."

వెనక బ్లాకు తలుపులకి అట్టలుండవు. ఎవరూ వచ్చి కొట్టరు.

"నేనే చెప్పాను," అంది ఆమె, తల దించుకుని. "మా ఆయనకీ ఇలాగే మొదలైంది. నేను నవ్వి ఊరుకున్నాను అప్పుడు."

ఆ గొంతులో వేళాకోళం లేదు. టైలరు అలా ఎప్పుడూ వినలేదు.

"నాకు మతిమరుపు లేదు. మీ నీలం స్వెటరు జేబు ఊడితే నల్ల దారంతో కుట్టుకున్నారు. కుట్టు వంకర పోయింది. నీలం దారం నా దగ్గరుంది, ఇద్దామంటే నోరు రాలేదు."

"మరి అట్ట?" అన్నాడు మేనేజరు.

"తిప్పితే ఈవిడ రారు కదండీ."

మేనేజరు ఫ్యాను వంక చూశాడు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"ఇన్నాళ్లూ నా కాఫీ చల్లార్చింది అందుకా!" అని గిర్రున తిరిగి వెళ్లిపోయింది.

మర్నాడు అతను తెల్లవారకుండానే పచ్చ వైపు తిప్పి కూర్చున్నాడు. ఎనిమిది దాటింది. ఎవరూ కొట్టలేదు. పచ్చగా ఉంటే ఎవరు కొడతారు? ఉన్న తగువూ పోగొట్టుకున్నాననుకుని తలుపు తీశాడు.

ఎదుటి తలుపు మీద అట్ట ఎర్రగా ఉంది.

పరుగున వెళ్లి రెండు చేతులా బాదాడు. "కండక్టరుగారూ! ఉన్నారా?"

వెంటనే తెరుచుకుంది. ఆమె తల దువ్వుకుని, నీలం స్వెటరు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. బల్ల మీద రెండు కాఫీలు.

"ఎంతసేపండీ కూర్చోవడం? ఎప్పుడూ నేనేనా కొట్టేది?"

స్వెటరు అందుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. నల్ల కుట్టు విప్పుతూ అలవాటుగా మొదలుపెట్టాడు, "మా బావమరిది ఉన్నాడే, నా కొట్టు అమ్మేసి..."

"మొత్తం ఎంత పోయిందో ఒక్కసారి చెప్పేయండి. విని ఊరుకుంటాను. మీరూ ఊరుకోండి."

అతను సూదిలోకి నీలం దారం ఎక్కించాడు. ఎవరికో కొలతలు చెబుతున్నట్టు నింపాదిగా చెప్పాడు.

"వెడల్పు తొమ్మిదడుగులు. పొడవు పన్నెండు."