వియ్యపురాలితో పర్ణశాల

ఆదివారం పొద్దున్నే మణుగూరు కాలనీలోని క్వార్టర్‌లో అనంతమ్మ పులిహోరకు అన్నం ఆరబోస్తోంది. ఇంటిల్లిపాదీ భద్రాచలం వెళ్లి, దర్శనం చేసుకుని, అక్కడి నుంచి పర్ణశాల పోయి గోదాట్లో పడవ ఎక్కాలని కొడుకు వీరేందర్ అన్నాడు. ముందుగదిలోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. ఒక నవ్వు ఐదేళ్ల మనవరాలు వెన్నెలది. రెండోది, ఇంకా పెద్దది, వియ్యపురాలు భారతమ్మది.

భారతమ్మ తిరుమలాయపాలెం నుంచి వచ్చి వారం కూడా కాలేదు. ఇంతలోనే పిల్లకు స్నానమైనా, అన్నమైనా, కథైనా అన్నీ అమ్మమ్మే. కోడలు రోజారాణి గని ఆఫీసులో ఉద్యోగం చేస్తుంది కాబట్టి, పుట్టినప్పటి నుంచి వెన్నెలను పెంచింది అనంతమ్మే. అనంతమ్మ చేతులు కడుక్కుని దువ్వెన పట్టుకుని బయటకొచ్చింది.

"దా బిడ్డా, జడేస్త. బస్సుకు టైమైతుంది."

"అమ్మమ్మ చేపజడ వేస్తది. నీకు రాదు గదా!" అంది వెన్నెల, తల కూడా తిప్పకుండా.

"నువ్వు కూసో వదినా, నేనేస్త తియ్" అని భారతమ్మ దువ్వెన అందుకుంది. మామూలుగానే అంది. కానీ అనంతమ్మకు తన చేతిలోంచి లాక్కున్నట్టే అనిపించింది.

దర్శనం బాగానే అయింది. పర్ణశాలలో ఎండ ఎక్కువగానే ఉన్నా, ఒడ్డంతా జనం. పిల్లల కేకలు, బొమ్మల బండ్లు, కాల్చిన మక్కజొన్న వాసన. భారతమ్మ తానూ ఒక రంగు టోపీ కొనుక్కుని తలకు పెట్టుకుంది. వెన్నెలతో కలిసి ఈల ఊదింది. ఫోటోలు తీసే అతని ముందు నడుం మీద చెయ్యి పెట్టి నిలబడింది. పిల్ల పడీ పడీ నవ్వింది.

'ఈ వయసుల ఈ వేషాలేంది!' అనుకుంది అనంతమ్మ. తనకు అలాంటివి చేతకాదని ఆమెకు తెలుసు. అందుకే ఇంకా మండింది.

పడవ దగ్గరికి వచ్చేసరికి, "నాకు నీళ్లంటే భయం. మీరు పోయిరాండ్రి, సంచులు నేను చూస్త" అంది. కనీసం మనవరాలైనా చెయ్యి పట్టి లాగుతుందని ఆశ.

"సరే అమ్మా, నీడకు కూసో" అన్నాడు వీరేందర్. నారింజరంగు లైఫ్ జాకెట్లు తొడుక్కుని అందరూ ఎక్కేశారు. పడవ దూరమవుతుంటే, భారతమ్మ నీళ్లు చిలకరించడం, వెన్నెల కేరింతలు కొట్టడం ఒడ్డు నుంచే కనిపించింది. ఒక్కసారి ఇటు చూసి చెయ్యి ఊపుతుందేమోనని అనంతమ్మ కొంగు నెత్తిన కప్పుకుని చూస్తూనే ఉంది. వెన్నెల ఊపలేదు.

వాళ్లు తిరిగొచ్చాక చెట్టు కింద విస్తళ్లు పరిచింది. పిల్లకు ఇష్టమని పులిహోరలో పల్లీలు ఎక్కువ వేసింది. ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టింది.

"నాకొద్దు. అమ్మమ్మ మక్కజొన్న కొనిచ్చింది. నువ్వు పెట్టేది రోజూ తింటనే ఉన్న గదా నాయనమ్మా!"

అనంతమ్మ చేతిలో ముద్ద విస్తట్లో పడింది.

"అవ్ బిడ్డా, రోజూ పెట్టేదాన్ని గదా, నేను కంటికి ఆనుతనా? జ్వరమొస్తే పక్కన కూసునుటానికి నేను. బడికి తోలుటానికి నేను. చుట్టపు చూపుకొచ్చి టోపీలు పెట్టి ఆడిచ్చెటోళ్లు నీకు ముద్దొస్తున్నరు!"

"అత్తమ్మా, గదేం మాట?" రోజారాణి ముఖం ఎర్రబడింది. "మా అమ్మ వచ్చేదే ఎప్పుడో ఒకసారి. అది కూడా మీకు కిట్టదా?"

"అమ్మా, ఊకో. అందరు చూస్తున్నరు" అన్నాడు వీరేందర్.

భారతమ్మ మాత్రం టోపీ తీసి సంచిలో పెట్టి, చేయి కడుక్కొస్తానని నీళ్ల వైపు నడిచింది. చాలాసేపు రాలేదు. కాసేపటికి అనంతమ్మకే మనసాగలేదు. లేచి వెళ్లింది. రేవు మెట్ల మీద కూర్చున్న భారతమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

"నోరు జారిన వదినా" అంది అనంతమ్మ, ఒక మెట్టు పైనే ఆగి.

"నువ్వన్నది అబద్ధమా? నేను చుట్టపుదాన్నే." భారతమ్మ కొంగు దించింది. "ఫోన్ల మాట్లాడితే పిల్ల 'నాయనమ్మ పిలుస్తుంది' అని పెట్టేస్తది. పోయినసారి నేనొచ్చిన్నాడు ఎట్ల జేసిందో యాదున్నదా? నన్ను జూసి కొత్త మనిషని నీ ఎనక దాక్కున్నది. రాత్రంతా నిద్ర పట్టలే నాకు. అందుకే ఈసారి గీ ఈలలు, టోపీలు. ఉన్నన్ని రోజులు నవ్వియ్యకపోతే నన్ను మళ్ల మర్చిపోతది వదినా. నీకేం, నువ్వు ఊకె కూసున్నా నీ పిల్లనే."

పిల్ల ఆ రోజు తన వెనక దాక్కోవడం అనంతమ్మకు గుర్తుంది. అప్పుడు తను ఎంత గర్వంగా నవ్విందో కూడా గుర్తొచ్చింది. ఆ నవ్వు భారతమ్మ చూసే ఉంటుంది. సిగ్గుతో తల వంచుకుంది. మెల్లగా మెట్టు దిగి, వియ్యపురాలి పక్కనే కూర్చుంది. నీళ్లు పాదాల దాకా వస్తున్నా కాళ్లు తీసుకోలేదు.

"లే వదినా. పొద్దటి నుంచి నువ్వేం తినలే" అంది చివరికి.

సాయంత్రం మణుగూరు బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. అలసిపోయిన వెన్నెల అలవాటు కొద్దీ అనంతమ్మ ఒళ్లోకే ఎక్కి, మెడ మీద తల వాల్చి నిద్రపోయింది. ఆ బరువు, ఆ వెచ్చటి ఊపిరి, పొద్దున్నుంచీ అనంతమ్మ కోరుకున్నది అదే. కాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది. భారతమ్మ కిటికీ వైపు తిరిగి అడవిని చూస్తోంది.

"వదినా, జర పిల్లను పట్టుకో. నా కాళ్లు తిమ్మిరెక్కినయ్."

భారతమ్మ ఆమె కళ్లలోకి చూసింది. ఏ తిమ్మిరీ లేదని ఇద్దరికీ తెలుసు. చేతులు చాచి పిల్లను జాగ్రత్తగా ఒళ్లోకి తీసుకుంది. వెన్నెల నిద్రలోనే అమ్మమ్మ కొంగు పిడికిట పట్టుకుంది. అనంతమ్మ గుండెలో మళ్లీ చురుక్కుమంది. అయినా తన కొంగు తీసి పిల్ల పాదాలకు చలిగాలి తగలకుండా కప్పింది.

"దిగేటప్పుడు మాత్రం నువ్వే ఎత్తుకోవాలె వదినా" అంది భారతమ్మ, గొంతు తగ్గించి. "లేవంగనే నీ మొకం కనపడకపోతే ఏడుస్తది."

అనంతమ్మ తలూపింది. భారతమ్మ భుజం మీద చెయ్యి వేసింది.