నూట ఇరవై అడుగులు

తెల్లారిందో లేదో తెలియనంత మంచు. పొలమంతా కలలో ఉన్నట్టు తేలుతోంది. పెద్దాయన పంపు షెడ్డు దగ్గర మొదలుపెట్టి, ఎప్పటిలాగే నూట ఇరవై అడుగులు నడిచి ఆగాడు. బుట్టెడు ఎరువు మొక్కజొన్న మొదళ్ళలో చల్లాడు.

నలభై ఏళ్ళ కిందట ఊరంతా ఒక సంఘంగా కలిసి గట్లు దున్నేసి నేలంతా ఒక్కటి చేసినప్పుడు మొదటి నాగలి పట్టింది ఈయనే. అయినా తన మూడెకరాలు ఎక్కడుండేవో ఆయన పాదాలు మర్చిపోలేదు. పిచ్చి మారాజు! సంఘానికి తెలియకుండా ఆ ముక్కకి రోజూ ఓ బుట్ట ఎక్కువే.

భూమి ఉమ్మడిగా ఉంచాలా, ఎవరిది వాళ్ళకి పంచాలా అని ఆ రోజే మీటింగు. ఇంటికొక ఓటు. వాళ్ళింటి ఓటు సంఘం ట్రాక్టరు నడిపే కూతురిది.

"పంచమనే చెయ్యెత్తవే" అన్నాడు ఇంటికి రాగానే.

"ఎత్తను నాన్నా. ముక్కలు చేస్తే ట్రాక్టరు తిప్పడానికైనా చోటుంటుందా?"

"నీ ట్రాక్టరు పాడుగానూ! పోయేలోపు ఒక్కసారి నా నేలమీద నిలబడి ఇది నాది అనుకోవాలనుంది. ఆ మాత్రం చెయ్యలేవా?"

 కూతురికి కళ్ళు చెమ్మగిల్లాయి.

"అయితే పద. పంచితే ఎవరిదెక్కడో తెలిసేలా సర్వేయరు నిన్న పాత హద్దుల ప్రకారం కర్రలు పాతాడు. మన నేలమీద నిలబడే ఇది నాదని చెబుదువుగాని."

ఆయన తిన్నగా తన చోటికే నడిచాడు. అక్కడి కర్రమీద పక్కింటి పాలావిడ ఇంటి నంబరుంది.

"మనది అదిగో, కాలవ పక్కన" అంది కూతురు.

"నోర్ముయ్! షెడ్డు నుంచి నూట ఇరవై అడుగులు!"

"పాత షెడ్డు వరదకి కొట్టుకుపోతే కొత్తది ఇటు జరిపి కట్టారు కదా నాన్నా! ఇరవై ఏళ్ళయింది."

ఇరవై ఏళ్ళ బుట్టలు! పెద్దాయనకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నెమ్మదిగా కాలవ వైపు నడిచాడు. మంచు విడిపోతోంది. అక్కడ మొక్కజొన్న ఆయన తలకంటే ఎత్తుగా ఉంది.

"దీన్నెవరు చూసుకున్నారే?"

"దున్నింది నేను. నీళ్ళు కట్టింది పాలావిడ. ఎవరి ముక్కో నిన్నటిదాకా మాకేం తెలుసు?"

ఒక ఆకు నిమురుతూ ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడు. కూతురు ఆయన భుజం చుట్టూ చెయ్యి వేసి, ఆ ఏడుపు తీరేదాకా కదల్లేదు.

చివరికి ఆయన కళ్ళు తుడుచుకుని వంగాడు. తన నంబరున్న కర్రని రెండు చేతులా పట్టి పెరికి కూతురి చేతికిచ్చాడు.

"నీ ట్రాక్టరుకి అడ్డమొస్తుంది. పద, మీటింగుకి వేళయింది."