నాలుగో బెడ్ మీద ప్రిన్సిపాల్

ఉదయం పది గంటల ఇరవై ఏడు నిమిషాలు.

స్కిన్ కేర్ ట్రైనింగ్ స్కూల్లో లైసెన్సు పరీక్ష జరుగుతోంది. హాల్లో ఆరు బెడ్లు. ఆరుగురు అమ్మాయిలు. గదంతా నిశ్శబ్దం.

ఉన్నట్టుండి నాలుగో బెడ్ మీంచి కేక.

కేక పెట్టింది ఎవరో కాదు, స్కూల్ ప్రిన్సిపాల్. పరీక్షకు మోడల్‌గా రావలసిన మనిషి రాలేదు. అలాంటప్పుడు ఆవిడే పడుకోవడం అలవాటు. తన చర్మం మీద ఆవిడకంత ధీమా.

అంబులెన్స్ వచ్చేసరికి ఆ ముఖం మీద ధీమా కాదు కదా, చర్మమే మిగల్లేదు.

నాలుగో రోజు పదకొండింటికి ఇన్‌స్పెక్టర్ అదే హాల్లోకి ముగ్గురిని పిలిపించింది.

మొదటి మనిషి ప్రిన్సిపాల్. తల చుట్టూ కట్టు. కళ్ళు, పెదవులు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి.

రెండో మనిషి పరీక్ష రాసిన అమ్మాయి. సన్నగా, చురుగ్గా ఉంటుందని స్నేహితురాళ్ళు పిచ్చుక అంటారు. ఇప్పుడు రెక్కలు తడిసినట్టు ముడుచుకుని కూర్చుంది. ఇది ఆమెకు మూడో ప్రయత్నం. నాలుగోసారి అవకాశం లేదు. మొదటి రెండుసార్లూ ఫెయిల్ చేసింది ఈ ప్రిన్సిపాలే. కేసు రుజువైతే లైసెన్సు మాట దేవుడెరుగు, జైలు ఖాయం.

మూడో మనిషి టీచర్. పరీక్ష ట్రేలు సర్దే బాధ్యత ఆమెది. అంత గొడవలోనూ తువ్వాళ్ళు మడతపెడుతోంది. అంచుకు అంచు సరిగ్గా కలుస్తోంది.

"ముఖానికి పూసిన పీల్ యాసిడ్ ఎంతసేపు ఉంచావు?" ఇన్‌స్పెక్టర్ పిచ్చుకను అడిగింది.

"మూడు నిమిషాలు మేడమ్. టైమర్ పెట్టాను."

"పచ్చి అబద్ధం!" కట్టులోంచి ప్రిన్సిపాల్ గొంతు బుసకొట్టింది. "పది నిమిషాలు ఉంచింది. నా మీద కక్ష దీనికి!"

"మీ కళ్ళ మీద తడి దూది ఉందిగా. టైమ్ ఎలా చూశారు?"

"ముప్పై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. నా చర్మమే నాకు గడియారం. మీకలాంటివి తెలియవులెండి. మీ ముఖం చూస్తే బట్టల సబ్బు తప్ప ఏదీ ఎరగనట్టుంది."

హెడ్ కానిస్టేబుల్ దగ్గుతో నవ్వు కప్పుకున్నాడు.

"నిజమే," అంది ఇన్‌స్పెక్టర్. "దొంగలెవరూ ఇంతవరకూ కంప్లయింట్ చెయ్యలేదు."

ఫైలు తిప్పింది. ల్యాబ్ రిపోర్టు. యాసిడ్ సీసాలో గాఢత ఉండవలసినట్టే ముప్పై శాతం ఉంది. యాసిడ్‌ని విరిచే న్యూట్రలైజర్ సీసాలో మామూలు సోడా ద్రావణమే ఉంది. రెండూ సక్రమం. అంటే తప్పు చేతిది. అందరి లెక్కా అదే.

"టైమర్ మోగాక ఏం చేశావు?"

"న్యూట్రలైజర్ స్ప్రే చేశాను."

"ఎన్నిసార్లు?"

"నాలుగైదు సార్లు చాలు మేడమ్. కానీ ముఖం ఎర్రబడుతుంటే భయమేసి కొడుతూనే ఉన్నా. సగం సీసా అయిపోయింది. కొట్టేకొద్దీ ప్రిన్సిపాల్ మేడమ్ ఇంకా అరిచారు."

ఇన్‌స్పెక్టర్ ఎవిడెన్స్ కవరులోంచి స్ప్రే సీసా తీసి బల్ల మీద పెట్టింది.

"ఇదేనా?"

"ఇదే."

"మరి మెడ దాకా నిండుగా ఉందేం?"

తువ్వాళ్ళ చప్పుడు ఆగింది.

"సీసాలో ఏముందో అందరం చూశాం. ఎంతుందో ఎవరూ చూడలేదు. సగం వాడిన సీసా దానంతటది నిండదు. తర్వాత ఎవరో సీసా మార్చేశారు. నిన్న మధ్యాహ్నం ఇంకో స్కూలుకెళ్ళి మూడు గంటలు కూర్చున్నాను. యాసిడ్ మీద సోడా నీళ్ళు పడితే బుసబుసమని నురగ వస్తుందట. బాగా గుర్తు తెచ్చుకో అమ్మాయ్. నురగ వచ్చిందా?"

పిచ్చుక కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"రాలేదు. కంగారులో చూసుకోలేదు మేడమ్. ఒక్క బుడగ కూడా రాలేదు."

"ఎందుకంటే సీసాలో ఉన్నది న్యూట్రలైజర్ కాదు. పీల్ కంటే ఘాటు యాసిడ్. రెండూ చూడ్డానికి నీళ్ళలాగే ఉంటాయి. నువ్వు కాపాడబోయే కొద్దీ ఆవిడ కాలిపోయింది. పది ముప్పై అయిదుకి ట్రే తీసుకెళ్ళిందెవరు?"

"నేనే," అంది టీచర్. "అది నా డ్యూటీ."

"ఉదయం ఎనిమిది నలభైకి స్కూల్ ఫోన్ నుంచి మోడల్‌కి కాల్ వెళ్ళింది. పరీక్ష వాయిదా పడింది, రావద్దని. ఆ టైమ్‌కి హాజరు మిషన్లో వేలిముద్ర వేసి లోపలున్నది మీరొక్కరే. మోడల్ రాకపోతే ఎవరు పడుకుంటారో మీకు తెలుసు. అదీ డ్యూటీయేనా?"

టీచర్ చేతిలోని తువ్వాలు పక్కన పెట్టింది.

ఇన్‌స్పెక్టర్ ప్రిన్సిపాల్ వైపు తిరిగింది.

"అసలు చిక్కు అది కాదు. నురగ వస్తే ముఖం మీద చిటపటలాడుతుందట. కళ్ళు మూసుకున్నా తెలుస్తుందట. రాలేదని మీ గడియారం మీకు చెప్పే ఉంటుంది. మీ స్టేట్‌మెంట్‌లో ఆ ముక్క లేదేం?"

ప్రిన్సిపాల్ తల పక్కకు తిప్పుకుంది.

టీచర్ నవ్వింది. తొమ్మిదేళ్ళుగా కడుపులో దాచుకున్న నవ్వు.

"చెప్పదు. చస్తే చెప్పదు. చెబితే మా అక్క కథ బయటికొస్తుంది."

"మీ అక్కా?"

"తొమ్మిదేళ్ళ కిందట ఇదే హాల్లో పరీక్ష రాసింది. ఆ రోజు సీసాలు నింపింది ఈవిడే. న్యూట్రలైజర్ సీసాలో యాసిడ్ పోసేసింది. మోడల్ ముఖం కాలింది. నురగ రాలేదండీ, నురగ రాలేదండీ అని మా అక్క కోర్టులో మొత్తుకుంది. ప్రతిసారీ నురగ రావాలని ఏముంది అని సాక్ష్యం చెప్పింది ఈ మహాతల్లి! మా అక్కకి పద్నాలుగు నెలల జైలు. ఇప్పటికీ రోజంతా చేతులు కడుక్కుంటూనే ఉంటుంది. చర్మం పగిలి రక్తం వచ్చినా కడుక్కుంటూనే ఉంటుంది."

ఆమె ప్రిన్సిపాల్ ముందుకు వెళ్ళి నిలబడింది.

"నాలుగేళ్ళు నీ దగ్గర వంగి వంగి పనిచేశా. నీ ముఖం మీదే నీకు తెలియాలని. ఇప్పుడు చెప్పు. నురగ వచ్చిందా?"

ఆవిడ చెయ్యి తన ముఖం మీది కట్టును తడిమింది.

"రాలేదు," అంది ప్రిన్సిపాల్. ఆ మాట గొంతులోంచి ముల్లు పీకినట్టు వచ్చింది. "ఆ రోజు... ఆ సీసా నింపింది నేనే."

"రాసుకున్నారా?" అంది ఇన్‌స్పెక్టర్.

"అక్షరం పొల్లుపోకుండా మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

టీచర్ భుజాలు తేలికపడ్డాయి. పిచ్చుక వైపు తిరిగింది. గొంతు మెత్తబడింది.

"నిన్ను జైలుదాకా వెళ్ళనిచ్చేదాన్ని కాదమ్మా. ఈవిడ నోరు విప్పగానే నేనే లొంగిపోదామనుకున్నా. నువ్వే చెప్పు. నా చోట నువ్వుంటే ఏం చేసేదానివి?"

పిచ్చుక లేచి నిలబడింది.

"నన్ను స్టేషన్లో కూర్చోబెట్టిన రోజు మీరొచ్చారు టీచర్. తల నిమిరారు. ధైర్యంగా ఉండమన్నారు. మా అమ్మ మీ కాళ్ళ మీద పడితే లేవనెత్తారు. మీరు తప్ప మాకు దిక్కు లేదంది. అప్పుడైనా చెప్పొచ్చుగా?"

"అప్పటికింకా ఆవిడ..."

"మీ అక్కకి ఈవిడ చేసింది, నాకు మీరు చేశారు. పదకొండు నెలలు చెయ్యి పట్టుకుని పని నేర్పి మరీ చేశారు." ఆమె గొంతు పెరగలేదు. "మీ అక్క తరఫున పగ తీర్చుకోవడానికి మీరున్నారు. నాకు చెల్లెలు లేదు టీచర్. నా పని నేనే చూసుకోవాలి."

పిచ్చుక ఇన్‌స్పెక్టర్ వైపు చెయ్యి చాపింది.

"కంప్లయింట్ రాయడానికి కాగితాలివ్వండి మేడమ్. రెండు. అబద్ధం చెప్పి నన్ను ఇరికించినందుకు ప్రిన్సిపాల్ మేడమ్ మీద ఒకటి. టీచర్ మీద ఒకటి."

టీచర్ ఏదో అనబోయింది. పిచ్చుక ఆమె వైపు చూడలేదు. నాలుగో బెడ్ మీదే కాగితాలు పరుచుకుని, తల వంచి రాయడం మొదలుపెట్టింది.