ఎర్ర దారం ఆట

"టీచరమ్మ పెండ్లి కుదిరిందంట!"

తల్లి యాదలక్ష్మి ఆ మాట అన్నప్పటి నుంచి మహిపాల్‌కి అన్నం సయించడం లేదు.

కొత్తపేట కాలనీ కమ్యూనిటీ హాల్లో ఆదివారాలు ఉదయలక్ష్మి పెద్దవాళ్లకు క్లాసు చెబుతుంది. ఫోన్లో వచ్చిందల్లా నమ్మకుండా ఉండటం, గెలిచిన నాయకుణ్ణి నిలదీసి అడగటం, అన్నీ ఆటల్లోనే. తల్లిని బండి మీద దింపడానికి వచ్చే మహిపాల్ వెనక కుర్చీలో అలా ఉండిపోతాడు. ఆమె నవ్విందంటే చాలు, ఎల్బీ నగర్ హారన్లు కూడా అతనికి సన్నాయిలా వినిపిస్తాయి, పాపం!

ఆ రోజు బయట సన్నగా వాన. ఆమె చేతిలో ఎర్ర ఊలు ఉండ.

"ఒక వార్త చెప్పండి. విన్నవాళ్లు దారం పట్టుకుని, తమకు చెప్పినవాళ్లకి ఉండ ఇవ్వాలి. మొదట ఎవరన్నారో అక్కడిదాకా వెళ్దాం."

మహిపాల్ నోరు ఊరుకోలేదు. "మీ పెండ్లి కుదిరిందంట గదా మేడం. గదే పెట్టున్రి."

హాలంతా గొల్లుమంది. ఉదయలక్ష్మి బుగ్గలు ఎరుపెక్కాయి.

"సరే, కొస పట్టుకోండి," అంది ఉక్రోషంగా.

అతని నుంచి ఉండ యాదలక్ష్మికి చేరింది.

"నాకు కోటేశ్వరమ్మ చెప్పింది, రైతు బజార్ల."

ముందు వరసలో కూర్చున్న కోటేశ్వరమ్మ అంటే సాక్షాత్తూ ఉదయలక్ష్మి తల్లి. మహిపాల్ దారం కొసని వేలికి చుట్టుకున్నాడు. ఇక అబద్ధమయ్యే ఆశ ఎక్కడిది?

"నాకు ఈ పిల్లే చెప్పిందండీ," అంటూ కోటేశ్వరమ్మ ఉండని కూతురి ఒళ్లో పడేసింది. "సంబంధాలు చూడొద్దమ్మా, నా మనసులో ఒకరున్నారంది. అంటే కుదిరినట్టేగా?"

"చూశారా, మాట ఎలా పెరిగిందో!" అంది ఉదయలక్ష్మి. "పెళ్లి అబద్ధం. మనసు నిజం. ఇంతకీ, నిజం తేలాలంటే ఎవర్ని అడగాలన్నాను?"

"ఆ మనిషినే!" అన్నారు అందరూ.

"మరి ఒక్కరూ అడగరే?" అంది, వెనక కుర్చీకేసి చూస్తూ.

మహిపాల్ లేచాడు.

"గా ఒకరు... నేనేనా?"

ఆమె దారాన్ని మెల్లగా తన వైపు లాగింది. ఇద్దరు తల్లుల చేతుల మీదుగా అది బిగుసుకోగానే మహిపాల్ వేలు కదిలింది. అంతే, అతనికి ఒళ్లంతా తేలిపోయినట్టయింది.

యాదలక్ష్మి కొడుకు మొహం చూసింది, కోటేశ్వరమ్మ మొహం చూసింది. తన చేతిలోని దారం వదిలేసింది.

"ఇగ నడుమల మనమెందుకమ్మా? వాళ్లే మాట్లాడుకోనీ."

"అంతేగా మరి, వదినగారూ," అంటూ కోటేశ్వరమ్మ కూడా వదిలేసింది.