ఐదున్నరకు తిరిగిన పళ్ళెం

రికార్డు మాయమైంది.

మంగళవారం సాయంత్రం ఐదున్నర. సంగీత గ్రంథాలయం మేడమీద, పాటలు వినే చిన్న గది. స్టీలు బీరువాలో అట్ట కవరు ఉంది. లోపల ఖాళీ.

యాభై ఏళ్ళ కిందట ఒక గాయని పాడిన లక్క రికార్డు అది. ఉన్నది ఒక్కటే కాపీ. గాయని పోయి చాలాకాలమైంది. అక్క గొంతు మళ్ళీ వినాలని ఆమె చెల్లెలు మర్నాడే వస్తోంది.

"ఈ గదికి తాళంచెవులెన్ని?" ఇన్‌స్పెక్టరమ్మ అడిగింది.

"రెండు మేడమ్," అన్నాడు లైబ్రేరియన్. "ఒకటి నా దగ్గర, ఒకటి ఊడ్చే మనిషి దగ్గర. ఆమె పదిన్నరకొచ్చి పదకొండుకి వెళ్ళిపోయింది. ఐదింటికి నేను తలుపు తీస్తే రికార్డు లేదు. వెంటనే మీకు ఫోన్ చేశా."

"మధ్యలో ఎవరూ రాలేదా?"

"చీమ కూడా దూరలేదు."

ఆమె ఏదో ఆలోచిస్తూ రికార్డు తిప్పే టర్న్‌టేబుల్ స్విచ్ నొక్కింది. పళ్ళెం గిర్రున తిరిగింది. లైబ్రేరియన్ గబుక్కున ఆపేశాడు.

"పాత మిషన్ మేడమ్, ముట్టుకోకండి."

ఊడ్చే మనిషి పన్నెండు నుంచి ఆరు దాకా కంటి క్లినిక్‌లో పనిచేసింది. అక్కడి కెమెరాలో కనబడింది కూడా. కానీ ఏం లాభం? పదకొండులోపే తీసుండొచ్చుగా! ఆమె ఇల్లంతా సోదా చేశారు. ఏమీ దొరకలేదు.

"పాతికేళ్ళుగా చీపురు పట్టానమ్మా. పరాయి సొమ్ము పట్టలేదు," అందామె. ఏడవలేదు. అదే ఇన్‌స్పెక్టరమ్మకు ముల్లులా గుచ్చుకుంది.

బుధవారం ఉదయం పది. పై ఆఫీసరు ఫోన్ చేశాడు. "రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో వాళ్ళే దొంగ. ఇంకా నాన్చుడేంటి? మధ్యాహ్నానికి అరెస్టు చూపించండి."

ఇన్‌స్పెక్టరమ్మ పళ్ళు కొరుక్కుంటూ మళ్ళీ అదే గదికి వచ్చింది. అప్పటికే చెల్లెలు వచ్చి కూర్చుంది. డెబ్బై ఏళ్ళుంటాయి. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని ఖాళీ కవరునే చూస్తోంది.

బీరువాలోంచి రికార్డు తీసి పెట్టడానికి ఎంతసేపు పడుతుంది? చూద్దామని ఇన్‌స్పెక్టరమ్మ వేరే రికార్డు వేయమంది.

లైబ్రేరియన్ స్విచ్ నొక్కాడు. మోటారు మూలిగింది. పళ్ళెం వణికింది, అంగుళం కదిలింది, ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అంతే.

"నిన్న నేను నొక్కగానే తిరిగిందే!"

"ఒక్కోసారి మొరాయిస్తుంది మేడమ్."

ఆ మాట ఆమెకు మింగుడుపడలేదు. రిపేరు మేస్త్రీని పిలిపించింది. ఆయన బెల్టు మార్చాడు. కదల్లేదు. కండెన్సర్ మార్చాడు. ఊహూఁ. వోల్టేజీ చూశాడు. సరిగ్గానే ఉంది. పదకొండుంపావు అయింది. మనుషుల్నీ మిషన్లనీ కలిపి తిట్టాలనిపించింది ఇన్‌స్పెక్టరమ్మకు.

చివరికి మేస్త్రీ పళ్ళేన్ని వేలితో ఒక్క తోపు తోశాడు. అది తిరగడం మొదలెట్టింది. అరగంట అలాగే వదిలేసి, ఆపి, మళ్ళీ నొక్కాడు.

గిర్రున తిరిగింది.

"దొరికిందమ్మా రోగం! బేరింగులో పాత ఆయిలు జిగురైపోయింది. చల్లగా ఉంటే మోటారుకి బలం చాలదు. కాసేపు తిరిగి వేడెక్కితే పలచబడుతుంది. ఆపాక గంట దాటితే మళ్ళీ మామూలే."

"గంటేనా? నాలుగైదు గంటలు వేడి నిలవదా?"

"చస్తే నిలవదు."

ఇన్‌స్పెక్టరమ్మ ఊడ్చే మనిషిని కూడా పిలిపించింది. తలుపు దగ్గరగా వేసింది.

"నిన్న ఐదున్నరకి ఈ మిషన్ తోయకుండానే తిరిగింది. అంటే నాలుగున్నర తర్వాత దీన్ని ఎవరో చాలాసేపు నడిపారు. అప్పటికి ఒక తాళంచెవి క్లినిక్‌లో ఉంది." లైబ్రేరియన్ వైపు తిరిగింది. "రెండోది మీ జేబులో ఉంది."

అతని చెయ్యి జేబు మీదికి వెళ్ళింది.

"దొంగతనం కాదు మేడమ్... పెద్దావిడ వచ్చేసరికి మిషన్ సరిగ్గా ఉండాలని చూశా. ఎంతకీ తిరగదే! చేత్తో తోసి, స్పీడు కుదిరేదాకా అరగంట తిప్పా. తర్వాత పాట పెట్టా. బాగా వచ్చింది. తీసేటప్పుడు చెయ్యి జారి... పెంకులా పగిలింది. ఉద్యోగం పోతుందని..."

"అందుకని ఈమె మెడకు చుట్టారా?"

అతను తన డెస్కు దగ్గరికి వెళ్ళాడు. సొరుగులోంచి గుడ్డమూట తీశాడు. మూడు ముక్కలు. తర్వాత జేబులోంచి ఫోన్ తీశాడు. "పాట ఇందులో రికార్డు చేశా. బయటపెడితే దొరికిపోతా. చెరిపేద్దామంటే చెయ్యి రాలేదు."

"మిమ్మల్ని పంపించేస్తున్నా," అంది ఇన్‌స్పెక్టరమ్మ ఊడ్చే మనిషితో. "పొరపాటు మాదే."

"నన్ను దొంగన్నప్పుడు పదిమందీ విన్నారమ్మా. కాదని చెప్పేటప్పుడూ ఆ పదిమందినీ పిలవండి."

"పిలుస్తా," అంది ఆమె. ఆ రోజే పిలిచింది కూడా.

ఫోన్ బల్లమీద పెట్టారు. గరగర. తర్వాత పాట కాదు, ఒక విసుగు గొంతు: "ఒసే, ఆ తలుపెయ్యవే!"

చెల్లెలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నన్నే," అంది. "అక్క నన్నే తిట్టింది. ఆ పాట రికార్డు చేసేటప్పుడు తలుపు దగ్గర నిలబడ్డది నేనే."

పాట మొదలైంది. ఆమె కళ్ళు తుడుచుకుని, చెయ్యెత్తి ఆపమంది.

"మొదట్నించీ పెట్టండి. ఆ తిట్టు దగ్గర్నించీ."