అబ్రహాం దగ్గరున్న కాపీ

ఏలూరులో ఆ చేపల కంపెనీ ఆఫీసు మేత గోడౌను మేడ మీద ఉంది. మెట్లెక్కేసరికే తవుడు వాసన బట్టలకి పట్టేస్తుంది. ఆ రోజు ముసురు మూలంగా సాయంత్రం కాకుండానే లైట్లు వెయ్యాల్సి వచ్చింది. కెజియా ఫ్యాను ఆపి కంప్యూటరు ముందు కూర్చుంది.

పని చిన్నదే. కొల్లేటి చెరువుల దగ్గరున్న యంత్రాలన్నిటికీ పేర్లుంటాయి. ఏ పేరుకి ఏ చిరునామాయో ఆఫీసు సర్వరుకి తెలుసు. ఆ పేర్ల మొత్తాన్ని జోన్ అంటారు. ఇకమీదట దాన్ని హైదరాబాదులో ఒక హోస్టింగ్ కంపెనీ చూసుకుంటుంది. వాళ్ళ సర్వరు ఇక్కణ్ణుంచి కాపీ తీసుకోవాలి, అంతే. పొద్దుట్నుంచి అదే జరగడం లేదు. జరిగేదాకా చెరువుల్లో ఆక్సిజన్ తగ్గినా అలారం మోగదు. అందుకే కెజియా మొగుడు ఏసుకుమార్, అదే కంపెనీలో ఎలక్ట్రీషియను, వానలో టార్చి పట్టుకుని గట్టు మీద ఒంటరిగా కాపలా ఉన్నాడు.

"ఏమే, అయ్యిందా? చేపల కంటే ముందు నేనే తేలేలా ఉన్నాను" అన్నాడు ఫోన్లో.

"అవుతుందండీ. గట్టు దిగకండి. ఫోన్ పెట్టెయ్యకండి, స్పీకర్లో ఉంచుతాను."

రెండో ఫోన్లో హోస్టింగ్ కంపెనీ కుర్రాడు సూర్యతేజ.

"మేడమ్, మీ కాపీని మా సర్వరు తీసుకోదండీ. మా దగ్గరున్నదే మీ దానికంటే కొత్తది. మార్చినప్పుడల్లా పెరిగే నంబరు దానిదే పెద్దది."

"నేనివ్వకుండా మీకెలా వచ్చింది?"

"మీరు రెండు సర్వర్ల చిరునామాలిచ్చారు కదండీ. రెండోది ఇచ్చింది. ఇప్పుడే."



రెండోది కాపలాదారు అబ్రహాంది. చెరువు కాపలాదారు పేరే అక్కడి యంత్రానికి పెట్టడం వీళ్ళ అలవాటు. ఆఫీసులో కరెంటు పోతే పనికొస్తుందని అబ్రహాం షెడ్డులో ఒక చిన్న సర్వరు పెట్టారు. కిందటేడు తమ్మిలేరు వరదకి ఆ షెడ్డు మునిగిపోయింది. అబ్రహామూ పోయాడు. శవం దొరకలేదు. శవం లేకుండా జ్ఞాపకార్థ కూడిక ఏవిటని అతని భార్య మాణిక్యం ఒప్పుకోలేదు. కూడిక కాకుండా జోన్లోంచి అతని పేరు తియ్యడం బాగోదని ఆఫీసులో ఎవరూ తియ్యలేదు. హైదరాబాదుకి వివరాలు పంపేటప్పుడు కెజియా పాతవాటిని చూసుకోకుండా అలాగే పంపేసింది.

"ఆ కాపీ నాకు పంపండి."

వచ్చింది. అన్నీ తెలిసిన పేర్లే. ఒక్కటి ఎక్కువుంది.

ఏసుకుమార్.

అతను ఈ పూటకి తప్ప కాపలాదారు కాదు. అతని పేరున ఏ యంత్రమూ లేదు. ఎదురుగా ఉన్న చిరునామా మునిగిన షెడ్డుది. ఆ సర్వరు బతికుందేమోనని కంప్యూటర్లోంచే ఆ చిరునామాని పలకరించి చూసింది. వెంటనే జవాబొచ్చింది.

"ఏవండీ" గొంతు తగ్గించింది. "మీ దగ్గర ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నట్టే ఉంది. కిక్కిస గడ్డి అవతల ఎవరో దోనెలో దీపం పెట్టుకుని… నన్ను పేరు పెట్టి పిలుస్తున్నాడే. నువ్వు పంపావా?"

"పలక్కండి. వెళ్ళకండి."

తన జోన్లో ఆ పేరు లేదు. తన కాపీ నెగ్గితే ఆ పేరు పోతుంది. తన కాపీ నంబరు పెంచింది. పెద్ద అంకె… ఇంకా పెద్దది.

"సూర్యతేజ గారూ, ఆ రెండో సర్వరు తీసెయ్యండి. నాది తీసుకోండి."

"తీసుకుంటే ఆ ఎక్కువున్న పేరు మా దగ్గర పోతుందండీ. ఆ రెండో సర్వరు దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండదు. పర్లేదా?"

"పర్లేదు. కానివ్వండి."

"…అయిపోయింది మేడమ్. ట్రాన్స్‌ఫర్ ఓకే." అతను ఫోన్ పెట్టేశాడు.

కెజియా వెనక్కి వాలింది. "ఏవండీ, అయిపోయింది. ఇంటికొచ్చెయ్యండి."

స్పీకర్లోంచి నీళ్ళు చెక్కని తడుతున్న చప్పుడు. గదిలో తవుడు వాసన పోయింది. చెరువుల్లో కుళ్ళిన గుర్రపుడెక్క వాసన.

"ఏవండీ…"

"ఎవరండీ?"

అతని గొంతే. పెళ్ళయ్యాక ఆ గొంతు ఆమెని ఎప్పుడూ అండీ అనలేదు.

"నేను. కెజియాని."

"ఏ కెజియా అండీ?" మర్యాదగా అడిగాడు. "మీకెవరు కావాలి?"

ఆమె అతని పేరు చెప్పింది. మళ్ళీ చెప్పింది. అరిచింది.

"ఆ ఒక్క మాటా వినబడటం లేదండీ. మిగతావన్నీ వినబడుతున్నాయి."

"మీ పేరండీ… అది మీ పేరు…"

"నా పేరా?" అన్నాడు. "గుర్తు రావట్లేదండీ. ఇక్కడ దోనెలో ఒక పెద్దాయన ఉన్నారు. అది తన దగ్గరుందంటున్నారు. ఉండండి, వెళ్ళి తెచ్చుకుంటాను."

దోనెలోకి ఒక కాలు పెట్టిన చప్పుడు. తర్వాత రెండో కాలు.