లోపలికి తిరిగిన పింగాణీ కుక్కలు

డింగెనా ఎదురింటి వన్నా బేకరీలో అన్నదట. ఆ మాటను బేకరీ ఆవిడ రొట్టె పొట్లం కడుతూ లెవీన్ చెవిన వేసింది. "డింగెనా కిటికీలో కుక్కలు లోపలికి తిరిగి కూర్చున్నాయట! మొగుడు మారినస్ ఓడ దిగి ఇంటి ముందుకొచ్చి, వాటిని చూసి, తలుపైనా తట్టకుండా వెనక్కి పోయాడట. మరి లోపలున్న మగాడెవడో నువ్వే చెప్పు!"

ఫ్లిసింగెన్ ఓడరేవు ఊళ్ళో ఆ మాటకు అర్థం అడిగేవాళ్ళు లేరు. ఓడల మీద పనిచేసే వాళ్ళ ఇళ్ళలో వీధి కిటికీ గట్టు మీద జంట పింగాణీ కుక్కలుంటాయి. మగాడు సముద్రం మీదున్నంత కాలం వాటి మొహాలు వీధివైపు. అతను గుమ్మం దాటి ఇంట్లో అడుగు పెట్టాకే ఇల్లాలు వాటిని గదివైపు తిప్పుతుంది.

లెవీన్ రొట్టె చంకన పెట్టుకుని తాళ్ళ కొట్టు మీది మేడకు పరుగెత్తాడు. ఒకప్పుడు ఓడలో వడ్డన పని చేసినవాడు. సముద్రం అతని కడుపుకు పడలేదు. ఇప్పుడు పీటర్నెల్ దె పాహ్తర్ దగ్గర సహాయకుడు. ఊళ్ళో ప్రైవేటు పరిశోధన చేసేది ఆవిడొక్కతే. ఓడల్లో సరుకు మాయమైనా, ఇళ్ళలో నగ మాయమైనా ఆవిడ మెట్లే ఎక్కాలి. ఆవిడ బుర్ర మీద లెవీన్‌కు ఎంత నమ్మకమంటే, వాన ఎప్పుడు వెలుస్తుందో కూడా ఆవిణ్ణే అడుగుతాడు.

తీరా పైకి వెళ్ళేసరికి డింగెనా అక్కడే కూర్చుని ఏడుస్తోంది. మొగుడు దిగే రోజని వేసుకున్న మంచి గౌనుతోనే కన్నీళ్ళు తుడుచుకుంటోంది.

"ఏడుపు తర్వాత, అమ్మాయ్," అంది పీటర్నెల్. "ఓడ ఎప్పుడు కదులుతుంది?"

"సాయంత్రం పోటుకి, అమ్మగారూ. ఈ ఒక్క రోజే దిగనిచ్చారు. మళ్ళీ ఏడాది దాటితే గానీ రాదు. ఆయనేమో లాకుల పక్క బారులో కూర్చున్నాడు. రమ్మని కబురు పంపితే 'లోపలున్నవాడికే వండి పెట్టమను' అన్నాడట. ఇలా పోయాడంటే ఇంక తిరిగి ఈ ఊరి ఓడ ఎక్కడమ్మా. నాకు తెలుసు ఆయన సంగతి."

"కుక్కల్ని నువ్వు తిప్పావా?"

"అయ్యో! మనిషి రాకుండా ఎవరైనా తిప్పుతారా? పొద్దున గట్టు తుడిచినప్పుడు వీధివైపే పెట్టాను. అంతలో ఓడ కూత వినబడింది. సముద్రపు కట్ట మీదికి పరుగెత్తాను, చెయ్యి ఊపడానికి."

"మీ ఆయన ఇంజన్ మనిషి కదా? అడుగున ఉంటాడు. నువ్వు ఊపడం ఆయనకేం కనబడుతుంది?" అన్నాడు లెవీన్.

"కనబడదు," అంది డింగెనా. "అయినా ఊపుతాను."

పీటర్నెల్ ఒక వెన్న మిఠాయి బిళ్ళ నోట్లో వేసుకుంది. అది కరిగేదాకా ఆవిడ మాట్లాడదు. మిగతాదంతా డింగెనాయే చెప్పుకొచ్చింది. కట్ట మీద నుంచి తిన్నగా రేవు గేటు దగ్గరికి వెళ్ళి నిలబడిందట. మారినస్ తొందరకొద్దీ పడవల రేవు అడ్డదారిన ఇంటికొచ్చేశాడు. ఇద్దరూ తప్పిపోయారు. ఆమె తిరిగొచ్చేసరికి ఎదురింటి వన్నా గుమ్మంలో నిలబడి, పడాల్సినంత జాలి పడిపోయింది.

బిళ్ళ కరిగింది. "పద, చూద్దాం," అంది పీటర్నెల్.

డింగెనా ముందు గది అద్దంలా ఉంది. గట్టు మీద తెల్ల కుక్కలు రెండూ గదిలోకి చూస్తూ మూతీ మూతీ ఆనేంత దగ్గరగా కూర్చున్నాయి. మెడల్లో బంగారు రంగు గొలుసులు. పక్కనున్న కుర్చీ మీద ఒక పూలకుండీ ఉంది.

"ఈ కుండీ చోటు ఇక్కడేనా?"

"కాదమ్మగారూ. రెండు కుక్కల మధ్యా ఉంటుంది. నేను తియ్యలేదు."

"ఏమన్నా పోయిందా?"

"చెంచా కూడా పోలేదు. కుక్కలే నా ఇంట్లో విలువైనవి. మా పెళ్ళికి పక్కింటి తన్నెకె అత్త ఇచ్చింది."

"లెవీన్, ఆ రెండింటినీ వీధివైపు తిప్పు," అంది పీటర్నెల్.

లెవీన్ ఒక్కోదాన్నీ పట్టుకుని ఉన్నచోటే గిర్రున తిప్పాడు. తిప్పి, వెనక్కి జరిగి చూసి, నాలుక కరుచుకున్నాడు. కుక్కలు రెండూ వీధివైపే చూస్తున్నాయి గానీ, ఒకదానికొకటి వీపు పెట్టుకుని ఉన్నాయి.

"అలిగిన మొగుడూ పెళ్ళాల్లా ఉన్నాయి కదా?" అంది పీటర్నెల్.

"అలా కాదయ్యా," డింగెనా ఏడుపులోనే నవ్వింది. "ఇటుది అటూ అటుది ఇటూ మార్చాలి. నేనూ పెళ్ళైన కొత్తలో ఇలాగే తిప్పి తన్నెకె అత్త చేత తిట్లు తిన్నాను."

పీటర్నెల్ వాటిని పొద్దున ఉన్నట్టే మళ్ళీ గదివైపు పెట్టించి, వీధి దాటి వన్నా ఇంటికి వెళ్ళింది. వన్నా కిటికీకి బయట ఓ చిన్న అద్దం బిగించి ఉంది. లోపల కుర్చీలో కూర్చునే వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూడొచ్చు.

"నువ్వు చూడనిది ఈ వీధిలో జరగదంటారు, వన్నా."

"అన్నారా? ఎవరు?" వన్నా కాస్త పొంగి, కాస్త అనుమానపడింది. "నేనేం పని లేక చూస్తానా? అద్దం ఉంది గనక కనబడుతుంది."

"పొద్దున ఆ గుమ్మంలోకి ఎవరు వెళ్ళారు?"

"నేను చూస్తుండగా ఎవరూ వెళ్ళలేదు. అదే కదా విడ్డూరం! నా గుమ్మం మెట్టు తోమేటప్పుడు కుక్కలు వీధికే చూస్తున్నాయి. కూత విని అందరితో పాటు నేనూ కట్ట మీదికి వెళ్ళొచ్చాను. వచ్చేసరికి తిరిగున్నాయి. ఓడల్ని రేవులోకి తెచ్చే పైలట్ బాస్టియాన్ లేడూ, పెళ్ళికి ముందు డింగెనా వెంట తిరిగినవాడు? నేనేం అనడం లేదు. ఊరికే గుర్తొచ్చింది."

"వెనక సందులోంచి ఎవరన్నా వెళ్ళి ఉంటే?"

"వెనక సందు నాకెలా కనబడుతుందమ్మా? అక్కడ అద్దం లేదుగా."

"ఈ వీధివాళ్ళంతా కట్ట మీదికి వచ్చారా?"

"తన్నెకె తప్ప అందరూ. ఆవిడ ఏనాడూ రాదుగా, వాళ్ళాయన పోయినప్పటి నుంచీ."

ఆ సంగతి లెవీన్‌కూ తెలుసు. తన్నెకె మొగుడు ఆద్రియాన్ ఓడ తుఫాను రాత్రి రేవు బయటిదాకా వచ్చింది. దాని కూత ఊరంతా విన్నారు. ఓడ మాత్రం రాలేదు. అప్పటికి లెవీన్ ఇంకా పుట్టలేదు. ఆ కథ వింటూ పెరిగాడు.

ఆ ఊళ్ళో ముందు తలుపు ఇంటివాళ్ళకీ, పెళ్ళిళ్ళకీ చావులకీ. ఇరుగుపొరుగు వెళ్ళేది పెరటి దారినే. ఇద్దరూ అలాగే వెళ్ళి చూస్తే తన్నెకె ఒళ్ళో గిన్నె పెట్టుకుని బంగాళదుంపలు చెక్కుతోంది. పీటర్నెల్ వంటింట్లో ఆగకుండా ముందు గదిలోకి తొంగి చూసింది. కిటికీ గట్టు బోసిగా ఉంది. ఎండకు రంగు వెలిసిన చెక్క మీద, నడుమ, దగ్గర దగ్గరగా రెండు కోడిగుడ్డు ఆకారాలు మాత్రం ముదురు రంగులో మిగిలిపోయాయి.

"గట్టు మీద ఏమీ పెట్టుకోలేదేం, తన్నెకె అత్తా? పూలకుండీ అన్నా?"

"ఎందుకు? నాకు పూలతో మాట్లాడే అలవాటు లేదు."

"పొద్దున కూత విన్నావా?"

"చెవుడు లేదుగా నాకు. మా ఆయన ఓడదీ అదే కంపెనీ, అదే కూత." కత్తి ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. "ఏం, కూత వినడం కూడా నేరమైందా ఊళ్ళో?"

"పక్కింట్లో కుక్కల్ని ఎవరో తిప్పారు."

"తిప్పితే తిప్పారు. పగలగొట్టలేదు కదా!" అని తన్నెకె దుంపల్లోకి తలవంచింది.

బయటికొచ్చాక లెవీన్ ఉండబట్టలేకపోయాడు. "అమ్మగారూ, నాకు వన్నా మీదే అనుమానం. మాట పుట్టించడానికి చేసుంటుంది."

"వన్నాకు నోరుంది లెవీన్, ఇంకే చెడ్డ గుణమూ లేదు. నువ్వు డింగెనా ఇంటికెళ్ళి కాఫీ పెట్టించు. బోలస్ తీపి రొట్టెలు తెచ్చి ఉంటుందిగా మొగుడికని? తలా ఒకటి. వన్నానీ, తన్నెకెనీ పిలువు. నేను ఇంకొకరిని తీసుకొస్తాను."

బారులో ఏం మాటలు జరిగాయో లెవీన్‌కు తెలియదు. సాయంత్రపు ఎండ కిటికీ మీదికి రాకముందే పీటర్నెల్ మాత్రం మారినస్‌ని వెంటబెట్టుకుని వచ్చింది. గడ్డం గీసుకుని, తల దువ్వుకుని, సంచిలో ఏదో కానుకతో ఓడ దిగిన మనిషి. ఇప్పుడు మొహం గంటు పెట్టుకుని ముందు గుమ్మం అవతలే నిలబడ్డాడు.

"లోపలికి రా," అంది డింగెనా.

"ఇక్కడి నుంచి వినబడుతుంది," అన్నాడు. ఎంత బిగపట్టినా అతని కళ్ళు ఆమె కొత్త గౌను మీదే ఉన్నాయి.

వన్నా కుర్చీ అంచున కూర్చుంది. తన్నెకె చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడ వంక చూస్తోంది. పీటర్నెల్ కాఫీ ఒక గుక్క తాగి కప్పు దింపింది.

"ముందు బాస్టియాన్ సంగతి తేల్చేద్దాం. కూత కూసినప్పుడు వీధిలో ఎవరూ లేరు. కుక్కలు తిరిగింది అప్పుడే. మారినస్, మీ ఓడను లోపలికి తెచ్చిన పైలట్ ఎవరో కనుక్కున్నావా?"

"నేను ఇంజన్ దగ్గరున్నాను. నాకేం తెలుసు?"

"దారిలో నేను అడిగొచ్చాను. బాస్టియానే. నీ నెత్తి మీద రెండంతస్తుల పైన నిలబడి ఉన్నాడు. నీ పెళ్ళామేమో కట్ట మీద నిలబడి, నువ్వు చూడవని తెలిసీ చెయ్యి ఊపుతోంది. వన్నా, చూశావా లేదా?"

"చూశానమ్మా," వన్నా గొంతు చిన్నదైంది. "నా పక్కనే ఉంది. చెయ్యి నొప్పెట్టేలా ఊపింది."

మారినస్ బూటు కొసతో మెట్టును తన్నాడు.

"ఇక కుక్కలు. నిన్ను ఏడిపించాలని ఎవడో తిప్పి ఉంటే, లెవీన్ తిప్పినట్టే తిప్పేవాడు. వీపూ వీపూ పెట్టుకుని ఉండేవి. ఇటుది అటు మార్చాలని తెలిసేది ఓడ మనిషి ఇల్లాలికే. అందులోనూ ఆలోచించి చేసిన పని కాదు ఇది. చేతులు వాటంతటవి చేశాయి. ఎందుకంటే, మధ్యలో ఉన్న కుండీని ఎత్తి కుర్చీ మీద పెట్టి మరీ రెండింటినీ దగ్గరికి చేర్చాయి. డింగెనా ఇంట్లో అవి ఎడంగా ఉంటాయి. దగ్గరగా ఉన్నది డింగెనా పెళ్ళికి ముందు, వేరే ఇంటి గట్టు మీద. ఆ మచ్చలు ఇంకా పోలేదు." పీటర్నెల్ గొంతు మెత్తబడింది. "కట్ట మీదికి వెళ్ళనిది ఆ ఇంటావిడ ఒక్కతే. పెరటి దారిన ఏదో పని మీద వచ్చినట్టుంది."

"పాలు," అంది తన్నెకె, గోడవంకే చూస్తూ. "మారినస్ కాఫీలో పాలు ఎక్కువ పోసుకుంటాడు. దీనికేమో గుర్తుండదు. వంటింట్లో పెట్టి వెళ్ళిపోదామనుకున్నాను. అప్పుడు కూసింది. అదే కూత. తర్వాత చూసుకుంటే నా చేతులు గట్టు మీదున్నాయి. మళ్ళీ బయటికి తిప్పుదామంటే... తిప్పలేకపోయాను."

చేతిలో బోలస్ పాకం వేళ్ళకంటుకుంటున్నా వన్నా చూసుకోలేదు. డింగెనా లేచి వెళ్ళి ముసలావిడ కుర్చీ చేతి మీద కూర్చుని ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసింది.

మారినస్ గుమ్మం దాటాడు. బూట్లు తుడుచుకోవడం మర్చిపోయాడు. తుడిచిన నేల మీద అడుగుల ముద్రలు పడినా డింగెనా గుడ్డ కోసం లేవలేదు. అతను బల్ల దగ్గర కూర్చుని, పాల గిన్నె దగ్గరికి లాక్కుని, సగం కాఫీ సగం పాలు కలుపుకున్నాడు. సిగ్గును నవ్వులోకి మార్చబోయాడు.

"ఉన్న ఒక్క రోజులో సగం పోయింది కదత్తా. పొద్దునే ఒక్క మాట చెప్పి ఉంటే నేను ఆ బారులో కూర్చునేవాణ్ణా?"

తన్నెకె ఇప్పుడు గోడ మీది నుంచి చూపు తిప్పి అతని కళ్ళలోకి చూసింది.

"మా ఆయన ఆ రాత్రంతా కూత పెట్టాడురా, ఈ గుమ్మాల దాకా చేరలేకపోయాడు. నువ్వు గుమ్మం ముందుకొచ్చి నిలబడి కూడా తలుపు తట్టకుండా పోయావు. నన్నా అడుగుతున్నావు?"